తల్లి చిరునామా

కిందటి వేసవిలో ఒక సాయంత్రం మా మేష్టారి భార్య అమలాపురంలో నన్ను వెతుక్కుంటూ వచ్చారు. మేష్టారంటే కొత్తపేట అవతల లంకవూళ్ళో, జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలలో నాకు తెలుగు చెప్పినాయన. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆవిడ చేతిలో ఒక బట్టసంచి. అందులోనుంచి ఒక్కొక్కటే తీసి బల్లమీద పెట్టారు: పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, కుటుంబ పింఛను కాగితాలు, ఇంటిపన్ను రసీదులు. అన్నిటికన్నా అడుగున ఒక తెల్లకాగితంమీద ఆవిడే స్వయంగా రాసుకొచ్చిన ఇరవై పంక్తులు.

“వీటిని ఇంగ్లీషులోకి మార్చి, కింద సంతకం పెట్టమన్నాడు బాబూ మా అబ్బాయి. అక్కడ విచారణలో చూపించాలిట.”

“అబ్బాయిమీద కేసేమిటండీ?”

“వాడిమీద కాదుట నాయనా. నామీదేనేమో. నేనిక్కడ వుండడమే చిక్కుట.”

ఆవిడ నవ్వుతూ అనలేదు. నాకూ నవ్వు రాలేదు.

ఆ అబ్బాయి బళ్ళో నాకు మూడేళ్ళు పెద్ద. అమెరికా వెళ్ళాడు, అక్కడి పౌరుడయ్యాడు, కంప్యూటర్ల పని చేసే ఒక కంపెనీలో వున్నాడు. ఆ కంపెనీకి అక్కడి రక్షణశాఖ పని దొరికింది. ఆ పని ముట్టుకోవాలంటే సెక్యూరిటీ క్లియరెన్సు కావాలి. దరఖాస్తు పెట్టిన చాలా కాలానికి ఒక పత్రం వచ్చింది. క్లియరెన్సు ఎందుకు ఇవ్వదలచుకోలేదో కారణాలు వరసపెట్టి చెప్పే పత్రం. అందులో మొదటిది, ఆ రాత్రి ఫోనులో అతను నాకు చదివి వినిపించిందాని తాత్పర్యం ఇది: మీ తల్లి భారతదేశ పౌరురాలు, భారతదేశంలో నివసిస్తున్నది. రెండవది: ఆమెకు అక్కడి ప్రభుత్వంనుంచి పింఛను వస్తున్నది. ఒక్కొక్క దానికీ ఎదురుగా “ఒప్పుకుంటున్నాను”, “ఒప్పుకోను” అని సమాధానం రాయాలి.

“ఏం రాశావు?” అని అడిగాను.

“ఏం రాస్తాం? ఒప్పుకుంటున్నానని రాశాను,” అన్నాడు.

నేరాలకు సంబంధించిన సాహిత్యం కొంత చదివినవాణ్ణే గాని, తల్లి వున్నదని ఒక మనిషి అంగీకారపత్రం రాసివ్వడం ఎక్కడా చదవలేదు. ఆ పనిలో దిగిన తర్వాత కుతూహలం కొద్దీ, కొంత కోపం కొద్దీ, అక్కడి రక్షణశాఖలో ఇలాంటి విచారణలు జరిపే కార్యాలయంవారి తీర్పులు చదవడం మొదలుపెట్టాను. వాళ్ళు వాటిని పేర్లు తీసేసి అందరూ చదివేందుకు బయటపెడతారు. ఆ పద్ధతి మెచ్చుకోవలసిందే. నెలరోజులపాటు రాత్రులు అవే చదివాను. తెలుగు ఎం.ఏ. చేసినవాడికి చట్టంలో ప్రవేశం వుండదు. కాని మాట ఎక్కడ ఎటు మొగ్గుతుందో కనిపెట్టడం మా వృత్తి.

ఆ తీర్పుల్లో వొకటి గమనించాను. దరఖాస్తుదారుడి తప్పు వెతకడం కాదు అక్కడ జరిగేది. 1960 ఫిబ్రవరిలో ఐసెన్‌హోవర్ జారీచేసిన ఉత్తర్వులోనే, ఈ నిర్ణయం మనిషి దేశభక్తిమీద తీర్పు కానే కాదని స్పష్టంగా రాసుకున్నారు. మరి దేనిమీద తీర్పు? రాగల ప్రమాదంమీద. పరాయి ప్రభుత్వమో, ఉగ్రవాద ముఠావో, వ్యాపార రహస్యాల దొంగలో ఆ తల్లిని పట్టుకుని ఈ కొడుకును లొంగదీసే అవకాశం వుందా లేదా అన్నది ప్రశ్న. దేశాన్నిబట్టి ప్రమాదం ఎక్కువా తక్కువా అని తూస్తారు. భారతదేశం దగ్గరకొచ్చేసరికి, ప్రజాస్వామ్యమనీ అమెరికాకు మిత్రదేశమనీ ఒక పక్కన రాస్తారు. ఉగ్రవాద దాడులూ, మానవహక్కుల ఉల్లంఘనలూ, సాంకేతిక రహస్యాలు రాబట్టే ప్రయత్నాలూ ఇంకొక పక్కన రాస్తారు. ఈ రెండు పేరాల మధ్య మా లంకవూరి కొబ్బరితోటలో కూచుని వుంటుంది మేష్టారి భార్య.

ఇంతవరకూ అర్థం చేసుకోవచ్చు. ఏ రాజ్యమైనా తన రహస్యాలను కాపాడుకుంటుంది. నాకు గొంతులో ముల్లులాగా దిగిందేమంటే, ఏది కొడుక్కి అనుకూలం, ఏది ప్రతికూలం అన్న లెక్క. విదేశంలో వున్న మనిషితో సంబంధం చాలా పలచనిదీ, ఎప్పుడో ఒకసారి పలకరించేదీ అయితే అది దరఖాస్తుదారుడికి మేలు చేస్తుంది. కాని కన్నవాళ్ళతో, తోడబుట్టినవాళ్ళతో సంబంధం పలచనిది కాదనే మొదట భావిస్తారు. కాదని నిరూపించుకోవలసింది అతనే. అంటే తల్లికి ఫోను చెయ్యని కొడుకు గట్టెక్కుతాడు. రోజూ ఫోను చేసే కొడుకు, ఆమె మందులకు డబ్బు పంపే కొడుకు, ఏటా సంక్రాంతికి వచ్చే కొడుకు తన ప్రేమకు తగిన జవాబు చెప్పుకోవాలి. ఆ జవాబు ఏమిటయ్యా అంటే నా ఇల్లు ఇక్కడ వుంది, నా పిల్లలు ఇక్కడ పుట్టారు, నా డబ్బంతా ఇక్కడ వుంది, అటూ యిటూ తేల్చుకోవలసి వస్తే నేనిటే వుంటాను అని.

కనక నా అనువాదం పని చివరికి ఇదీ: మేష్టారు అరవై చెట్లు నాటి పెంచిన తోట, అమెరికాలో కొడుకు కొన్న యింటిముందు లెక్కలోకి రానిదని కాగితంమీద తేటతెల్లం చెయ్యడం. పాసుపుస్తకంలోని సెంట్లను ఎకరాల్లోకీ, రూపాయల్ని డాలర్లలోకీ మార్చాను. ఆవిడ ఎదురుగానే కూచుని వున్నారు. “ఎంతయింది?” అని అడిగారు. చెప్పాను. “అంతేనా!” అన్నారు.

తర్వాత ఆవిడ స్వహస్తంతో రాసిన ఇరవై పంక్తులు. అందులో నాలుగో పంక్తి: మా అబ్బాయి రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోను చేస్తాడు, నేను తిన్నదీ లేనిదీ అడుగుతాడు. ఇది రాసినప్పుడు ఆవిడకు కొడుకు మంచివాడని చెప్పడమే ఉద్దేశం. తల్లి యివ్వగల సాక్ష్యంలో ఇంతకన్నా బలమైనది ఏముంటుంది? ఆ చట్టం ప్రకారం మాత్రం అది కొడుక్కి వ్యతిరేకంగా తల్లి యిచ్చిన వాంగ్మూలం. “అప్పుడప్పుడు మాట్లాడతాడు” అని రాస్తే? తెలుగు తెలిసినవాళ్ళు ఎవరొచ్చి సరిచూస్తారు? పావుగంట సేపు కలం ఎత్తలేదు. చివరికి వున్నది వున్నట్టే రాశాను. నిజాయితీకోసం అని గొప్పగా చెప్పుకోను. అడుగున “ఈ అనువాదం యథార్థమైనది” అని నేను సంతకం పెట్టాలి కనక భయపడ్డాను, అదీ వుంది. ఫోనుచేసి సంగతి చెబితే అబ్బాయి, “అలాగే వుంచు, నేనూ అదే చెప్పాను,” అన్నాడు.

ఇక్కడ న్యాయమూర్తి సంగతి. ఆ విచారణ జరిపేవారిని జడ్జి అనే అంటారు. కాని జీతం ఇచ్చేది రక్షణశాఖ. దరఖాస్తుదారుడికి ఎదురుగా నిలబడి వాదించే వకీలూ రక్షణశాఖవాడే. పైన విని నిర్ణయించే అప్పీలు బోర్డూ ఆ శాఖలోదే. జడ్జి పక్షపాతం చూపాడని ఎవరైనా అప్పీలు చేసుకుంటే, బోర్డు ఒక సూత్రంతో మొదలుపెడుతుంది: జడ్జి నిష్పాక్షికుడనే భావిస్తాము, కాదన్నవాడు రుజువు చెయ్యాలి, ఆ భారం చాలా బరువైనది. తల్లి విషయంలో ప్రమాదం వున్నదని ముందు భావించడం, జడ్జి విషయంలో నిష్పాక్షికత వున్నదని ముందు భావించడం, ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. 1988లో ఈగన్ అనే కార్మికుడి కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇంకో మాట స్థిరపరచింది: క్లియరెన్సు ఎవరికీ హక్కు కాదు, ఇవ్వడం దేశప్రయోజనానికి స్పష్టంగా అనుగుణంగా వుంటేనే ఇస్తారు. ఇప్పటి నియమాల ప్రకారం సందేహం మిగిలితే అది రాజ్యం పక్షానికి వెళుతుంది.

అయితే నేను కోపంతో చదవడం మొదలుపెట్టి, మధ్యలో కొంత తగ్గవలసి వచ్చింది. ఆ తీర్పుల్లో దరఖాస్తుదారుడు గెలిచినవి తక్కువేం కాదు. భారతదేశంలో ముసలి తల్లిదండ్రులున్న ఇంజనీర్లకు క్లియరెన్సు ఇచ్చినవి వరసగా చదివాను. ప్రతి కారణమూ కాగితంమీద వుంటుంది. సాక్షిని ప్రశ్నించవచ్చు. ఈ మాత్రం హక్కు కూడా ఊరికే రాలేదు. 1953లో విలియం గ్రీన్ అనే విమాన ఇంజనీరుకు క్లియరెన్సు తీసేశారు. కంపెనీలో జనరల్ మేనేజరు స్థాయి మనిషి, ఉద్యోగం పోయింది. ఆయనమీద వచ్చిన ఆరోపణల్లో ప్రధానమైనది మొదటి భార్య రాజకీయ భావాలూ, ఆమె స్నేహాలూ. ఆమెతో 1947లోనే విడిపోయాడు. ఎవరు చెప్పారో, ఏం చెప్పారో ఆయనకు చూపించలేదు. 1959 జూన్‌లో సుప్రీంకోర్టు అలా చెయ్యడానికి మీకు అధికారం ఎవరిచ్చారని అడిగింది. ఆ దెబ్బకే తర్వాతి ఏడు ఐసెన్‌హోవర్ ఉత్తర్వు వచ్చింది.

ఓపెన్‌హైమర్ కథ మన పాఠకులకు కొత్త కాదు. తమ్ముడూ భార్యా ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీలో వుండడం ఆయన విచారణ పొడుగునా నీడలా వెంటాడింది. 1954లో విచారణకు కూచున్న ముగ్గురు సభ్యులూ, విచారణ మొదలు కాకముందే వారంరోజులపాటు పోలీసు దస్తాలు చదువుకున్నారు. ప్రతివాది వకీలుకు ఆ దస్తాలు చూసే అనుమతి లేదు. ఆ ముగ్గురూ దుర్మార్గులని ఎవరూ అనలేదు. వారం రోజులు ఒక పక్షం కాగితాలే చదివిన తర్వాత ఏ మంచివాడి మనస్సయినా ఎటుంటుంది? 2022 డిసెంబరులో ఆ నిర్ణయాన్ని అమెరికా ప్రభుత్వమే రద్దుచేసింది, ఆయన పోయిన 55 ఏళ్ళకు. నిష్పాక్షికత అంటే న్యాయమూర్తి గుండెలో ఏముందనే విచారం కాదని నాకు అక్కడ తెలిసింది. ఆయన ముందు ఏ కాగితం ఎవరు పెట్టారు, దాన్ని రెండోవాడు చూశాడా, ఆయన జీతం ఎవరి ఖజానాలోది, ఇవీ అడగవలసినవి.

మన శిబిరంలో కూడా ఈ జబ్బు వుండేదని ఒప్పుకోకపోతే ఈ వ్యాసం రాసే అర్హత నాకు లేదు. సోవియట్ దేశంలో ఉద్యోగపు దరఖాస్తులో విదేశాల్లో బంధువులున్నారా అన్న గడి వుండేది. దానికి “వున్నారు” అని రాసిన మనిషి బతుకు ఏమయ్యేదో తెలిసిందే. సాంస్కృతిక విప్లవం రోజుల్లో చైనాలో సముద్రం అవతల అన్నో అత్తో వుండడం నేరంతో సమానమైంది.

సరే, మన దేశం. కోనసీమలో విదేశంతో చుట్టరికం లేని వీధి ఏది? రాజోలునుంచి, మలికిపురంనుంచి ఆడవాళ్ళు కువైట్ వెళ్ళి ఎవరి యిళ్ళలోనో పనిచేసి ఇక్కడి పిల్లల్ని చదివించారు. ఆ పిల్లలు ఇప్పుడు కేంద్రప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలు రాస్తున్నారు. నెగ్గినవాళ్ళకు ఎటెస్టేషన్ ఫారం అని ఒకటి వస్తుంది. తల్లి పేరు, జాతీయత, పుట్టిన చోటు, వృత్తి, ఇప్పటి చిరునామా. విదేశంలో నివాసం గురించి అడిగే చోట “పాకిస్తాన్ సహా” అని కుండలీకరణాల్లో అచ్చయిన ఫారాలు నేను చూశాను. దేశవిభజన నాటి భయం అది, చెరిపేసే ఓపిక ఎవరికీ కలగలేదు కాబోలు. మా విద్యార్థిని ఒకతె ఆ ఫారం తెచ్చి, “తల్లి వృత్తి దగ్గర ఏం రాయమంటారు మేష్టారూ?” అని అడిగింది. “ఇంటిపని” అని రాయమన్నాను. అబద్ధం కాదు గదా.

ఈ ఫారం నింపిన తర్వాత పోలీసు వస్తాడు, అడుగుతాడు, వెళతాడు, నివేదిక రాస్తాడు. దానిలో ఏముందో చాలామందికి ఎన్నటికీ తెలియదు. అమెరికాలో తల్లి వున్నదన్న ఆరోపణ కనీసం కొడుకు చేతికి వచ్చింది, “ఒప్పుకుంటున్నాను” అని రాసే అవకాశం వచ్చింది. ఇక్కడ ఆ ఫారం పెద్దచెరువులో రాయిలా మునిగిపోతుంది.

మన న్యాయస్థానాలు ఏమన్నాయో వెతికాను. 1949లో రైల్వేలో జాతీయభద్రత పేరుతో కొన్ని నియమాలు చేశారు. విద్రోహకార్యాలు చేస్తున్నవాణ్ణే కాదు, చేస్తున్నారని అనుమానం వున్నవాణ్ణీ, అలాంటివారితో సహవాసం చేసి నమ్మకాన్ని సందేహంలో పడేసినవాణ్ణీ ఉద్యోగంలోంచి తొలగించవచ్చు. బాలకోటయ్య అనే రైల్వే ఉద్యోగి — పేరునుబట్టి మనవాడే అనుకుంటాను — ఈ నియమం కింద పోయాడు. కమ్యూనిస్టులతో తిరిగాడనీ, వాళ్ళ సమావేశాలకు వెళ్ళాడనీ, సమ్మెకు పురికొల్పాడనీ ఆరోపణ. 1957 చివర సుప్రీంకోర్టు ఆ తొలగింపు చెల్లుతుందన్నది. నీకు సంఘం పెట్టుకునే హక్కు వుంది, దాన్ని ఎవరూ తీసెయ్యలేదు; ప్రభుత్వోద్యోగంలో కొనసాగే హక్కు మాత్రం లేదు, అని దాని సారాంశం. బంధుత్వాన్ని కూడా ఇదే తర్కంతో కొట్టవచ్చు: నీకు తల్లి వుండవచ్చు, ఉద్యోగం మాత్రం వుండదు.

కాని సరిగ్గా ఆ మరుసటి సంవత్సరమే, 1958 నవంబరులో, అదే న్యాయస్థానంలో ఇంకొక తీర్పు వచ్చింది. రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావుగారు రాసినది. కృష్ణాజిల్లాలో బస్సు రూట్లను ప్రభుత్వం తీసుకోబోతే, గుళ్ళపల్లి నాగేశ్వరరావు మొదలైన ప్రైవేటు బస్సుల యజమానులు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరాలు విన్నది రవాణాశాఖ కార్యదర్శి. సుబ్బారావుగారు అన్నదేమిటంటే, వివాదంలో ఒక పక్షమైన శాఖకు అధిపతే ఆ వివాదాన్ని వినరాదు. పైగా వినేవాడొకడూ తేల్చేవాడొకడూ అయితే ఆ వినడం ఉత్త తంతు. చూడండి, మా మేష్టారి అబ్బాయి విచారణకు కావలసిన మాట ఎక్కడ దొరికిందో! (ఆ తర్వాత మంత్రే స్వయంగా విన్నాడు, మంత్రి శాఖలో భాగం కాదు పొమ్మని అదే కోర్టు 1959లో ఒప్పుకున్నది. సూత్రాలు నడిచేటప్పుడు ఇలాగే కుంటుతాయి.)

మా కాలేజీ రోజుల్లో సుబ్బారావుగారిని ఆస్తిపరుల న్యాయమూర్తి అనేవాళ్ళం. 1967లో గోలక్‌నాథ్ తీర్పు రాసినవాడు కదా. ఈ బస్సుల తీర్పును కూడా జాతీయీకరణకు అడ్డుకాలు వేసినదానిగానే చూశాం. ఆయన బస్సు యజమానులకిచ్చిన ఆయుధాన్నే పేద గుమాస్తా కూడా ఎత్తుకోవచ్చని మాకెవ్వరికీ తోచలేదు.

తర్వాత కనిపించిన తీర్పు నన్ను కూచోనివ్వలేదు. మధ్యప్రదేశ్‌లో రామశంకర్ రఘువంశీ అనే బడిపంతులు. మునిసిపల్ బడిని ప్రభుత్వం తీసుకుంది, ఆయనా ప్రభుత్వోద్యోగి అయ్యాడు. 1974లో తీసేశారు. ఉత్తర్వులో కారణం లేదు. వెనక పోలీసు నివేదిక వుంది. ఆయన రాష్ట్రీయ స్వయంసేవక సంఘం, జనసంఘం కార్యక్రమాల్లో పాల్గొన్నాడని. 1983లో సుప్రీంకోర్టులో ఆయన పక్షాన తీర్పు రాసింది ఎవరు? ఒ. చిన్నపరెడ్డిగారు. సోషలిజంమీద తన నమ్మకాన్ని ఏనాడూ దాచుకోని న్యాయమూర్తి, మన తెలుగువాడు. పోలీసును పంపి ఒక మనిషి రాజకీయ విశ్వాసం కనుక్కోవడమనే వ్యవహారమే మన హక్కులకు విరుద్ధమన్నాడు. మెకార్తీ కాలపు అమెరికాను పేరుపెట్టి గుర్తుచేసి, ఆ దారి మనకు వద్దన్నాడు. ఆ పంతులు భావాలు ఆయనకు ఎంత దూరమో చదివే ప్రతివాడికీ తెలుసు. తీర్పులో ఎక్కడా ఆ దూరం కనిపించదు.

నాకు కూచోబుద్ధి కాకపోవడానికి కారణం వుంది. నాలుగేళ్ళ కిందట మా కళాశాలలో గణితం చెప్పే ఒకాయనకు ఒక కేంద్రప్రభుత్వ సంస్థలో ఉద్యోగం వచ్చింది. ఆయన అక్కను యానాంలో ఇచ్చారు. గోదావరి ఇవతల మనది బ్రిటిషువాడి రాజ్యంగా వున్నప్పుడు అవతలి పాయ ఒడ్డున ఫ్రెంచివాడు వుండేవాడు. 1954లో పాలన మారి, 1962లో ఒప్పందం అమలుకొచ్చినప్పుడు అక్కడివాళ్ళకు ఏ పౌరసత్వం కావాలో ఎంచుకోమన్నారు. ఒకే యింట్లో ఒకరు యిటు, ఒకరు అటు. ఆయన బావగారి తాత ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్నవాడు. అక్కా బావా ఇప్పుడు పారిస్ దగ్గర వుంటారు. విచారణకు వచ్చిన మనిషి అక్కగారి సంగతే మూడుసార్లు అడిగాడట. తర్వాత నెలలు గడిచాయి. అదే కారణమని ఎవరూ చెప్పలేదు. ఏ కారణమూ చెప్పలేదు.

ఆయన ఒక వినతిపత్రం తయారుచేసి మా స్టాఫ్‌రూములో తిప్పాడు. రెండే వాక్యాలు: నివేదికలో ఏమున్నదో తెలియజేయండి, ఆయన చెప్పేది వినండి. ఆరుగురు సంతకాలు పెట్టారు. నేను పెట్టలేదు. ఆయన ఉదయంపూట శాఖకు వెళ్ళే మనిషి. మా సభలను “దేశం బయటినుంచి నూనె పోసే దీపాలు” అని ఎద్దేవా చేసిన మనిషి. నేను కాగితం వెనక్కి యిచ్చి, “పైనున్నది మీవాళ్ళే గదండీ, వాళ్ళనే అడగండి,” అన్నాను. పక్కనున్న మా మిత్రులు ఇద్దరు నవ్వారు. ఆ మాట బాగా అతికిందని ఆ సాయంత్రం నేను యింట్లో కూడా చెప్పుకున్నాను. ఆయనకు ఆ ఉద్యోగం రాలేదు. ఏడాది తిరిగాక వేరే వూళ్ళో ప్రైవేటు కాలేజీకి వెళ్ళిపోయాడు.

నా ఒక్క సంతకంతో ఆయనకు ఉద్యోగం వచ్చేదని కాదు. ఆయన నన్ను ఉద్యోగం అడగలేదు. తన కాగితం తనకు చూపించమని అడిగేటప్పుడు పక్కన నిలబడమన్నాడు, అంతే. అప్పుడు నేను చేసిన పని ఏమిటి? నివేదిక చదవకుండానే తీర్పు చెప్పాను. మనిషి ఎవరో చూసి, ఆ మనిషి చుట్టాలెవరో, స్నేహితులెవరో చూసి తేల్చాను. బాలకోటయ్యమీద ప్రయోగించిన నియమానికీ దీనికీ తేడా ఎంత?

ఈ దేశంలో ఇప్పుడీ విషయం మరీ బరువెక్కింది. 2014లో మాజీ సైనికుల రక్షణసేవల సంస్థ ఒకటి వేసిన కేసులో, దేశభద్రత అన్న మాట వస్తే సహజన్యాయం పక్కకు తప్పుకోవచ్చుననీ, ప్రభుత్వం కాగితాలను సీలువేసిన కవరులో న్యాయమూర్తికి మాత్రమే చూపించవచ్చుననీ సుప్రీంకోర్టు అన్నది. ఒక పక్షానిది మాత్రమే చదివి తీర్పు చెప్పడం న్యాయమూర్తికే బాధ కలిగించాలి గాని, ఆ కవర్లు అలవాటయ్యాయి. మలయాళంలో మీడియావన్ అనే ఛానెలుకు హోంశాఖ క్లియరెన్సు నిరాకరించింది. కేరళ హైకోర్టులో ఒకసారి కాదు, రెండుసార్లు కవరు చదివి సరే అన్నారు. 2023 ఏప్రిల్ 5న చంద్రచూడ్, హిమా కోహ్లీ గార్ల ధర్మాసనం దాన్ని తిప్పికొట్టింది. హిమా కోహ్లీగారు అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా వున్నావిడే. దేశభద్రత అన్న మాటను గాలిలోంచి తీసుకురావడానికి వీల్లేదనీ, దాచవలసిన అవసరం ఏమిటో ముందు చూపించాలనీ అన్నారు. మంచి తీర్పు. 2025లో టర్కీ కంపెనీ ఒకదానికి, శంషాబాదుతో సహా తొమ్మిది విమానాశ్రయాల్లో పనిచేసేదానికి, క్లియరెన్సు తీసేశారు. జులైలో ఢిల్లీ హైకోర్టు మళ్ళీ కవరు చదివి, 2014 నాటి తీర్పునే చూపించి కేసు కొట్టేసింది. కంపెనీమీద నాకేమీ జాలి లేదు. అయితే దాచిన కాగితం టర్కీ కంపెనీకి దాచారా, బాలకోటయ్యకు దాచారా అన్న తేడా ఆ కవరుకు తెలియదు.

అమ్మగారి పని అయింది. కాగితాలన్నీ పంపాం. విచారణ కూడా ముగిసిందట. నిర్ణయం రాయవలసి వున్నది. వారానికోసారి ఆవిడ ఫోను చేసి, “ఏమైనా తెలిసిందా బాబూ?” అని అడుగుతారు. కొడుకును అడగరు. వాడు రోజూ ఫోను చేసినప్పుడు వేరే సంగతులు మాట్లాడుకుంటారట.

చిన్నపరెడ్డిగారి తీర్పు అచ్చు తీయించాను. ఆ గణితం మేష్టారి కొత్త చిరునామా ఆఫీసులో దొరికింది. ప్రతితోపాటు ఏమైనా రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. చివరికి నా పేరు మాత్రం రాసి, తీర్పు పంపాను. ఆరోజు నేను వెనక్కి యిచ్చిన కాగితం సంగతి ఆయనకు గుర్తుండకపోదు. నాలుగురోజుల తర్వాత ఫోనులో సందేశం వచ్చింది: “అందింది. అక్క కూడా చదివింది.”